1993 డెట్రాయిట్ బాక్స్‌టర్ కాన్సెప్ట్: రెండు సీట్ల రోడ్‌స్టర్ ఆకర్షణ ఏ గీతలో ఉంది?

వర్ణలేఖ:
పోర్షే సంస్థ 1993 జనవరిలో డెట్రాయిట్ మోటార్ ప్రదర్శనలో నిలిపిన బాక్స్‌టర్ కాన్సెప్ట్ (ప్రదర్శన కోసం చేసిన నమూనా కారు) ఫొటోలనూ, 1996లో అమ్మకానికి వచ్చిన అసలు బాక్స్‌టర్ ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. రెండింటికీ ఇద్దరే కూర్చునే గది, తీసివేయగల పైకప్పు, సీట్ల వెనక ఇంజన్, బండి వెనక భాగం నడిమధ్యన సైలెన్సర్ గొట్టం ఉన్నాయి. వెనక చక్రానికి ముందు గాలి పీల్చుకునే రంధ్రం కూడా రెండింటికీ ఉంది. లక్షణాల పట్టిక రాస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. అయినా వెండి రంగు ఒళ్లూ, ముదురు ఎరుపు తోలు లోపలా ఉన్న మొదటి కారు మీద నుంచి చూపు మరలదు. రెండో దాన్ని చూసి, బాగుందని అనుకుని, ముందుకు సాగిపోగలం. నేను డిజైన్ చదువుతున్నాను కనుక "అందంగా ఉంది" అని సరిపెట్టుకోవడం నాకు కుదరదు. ఆ మూడేళ్లలో ఏ గీత ఎక్కడ కదిలిందో, ఎందుకు కదలవలసి వచ్చిందో తెలిసినవారు వివరించగలరా?

నెకార్ తీరం:
వర్ణలేఖ గారూ, నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. ఆ కాన్సెప్ట్ జుఫెన్‌హౌజెన్‌లోని పోర్షే మ్యూజియం సేకరణలో భాగం. గీతల సంగతి తెలిసినవారు చెబుతారు. ముందుగా అది ఏ పరిస్థితిలో పుట్టిందో చెబుతాను, ఎందుకంటే ఆ కారు ముఖంలో కనిపించే నిశ్చింతకూ, దాన్ని తయారుచేసిన సంస్థ అప్పటి స్థితికీ ఏమాత్రం పొంతన లేదు.

1990ల ఆరంభంలో పోర్షే అమ్మకాలు ఘోరంగా పడిపోయాయి. 1992-93 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచమంతటా కలిపి అమ్మినవి 15 వేల కార్లకన్నా తక్కువ. 928, 968 మోడళ్లు పాతబడ్డాయి; 911 ఖరీదు ఎక్కువ; నాలుగు తలుపుల 989 అనే ప్రణాళికను మధ్యలోనే వదిలేశారు. అటువంటి సమయంలో డిజైన్ విభాగానికి పెద్దగా ఉన్న హార్మ్ లఖాయ్ నాయకత్వంలో గ్రాంట్ లార్సన్ బయటి రూపాన్నీ, స్టెఫాన్ స్టార్క్ లోపలి భాగాన్నీ గీశారు. వారు చూసింది అప్పటి 911 వైపు కాదు, 1953లో వచ్చిన 550 స్పైడర్ వైపూ, ఆ తరవాతి 718 పందెం కార్ల వైపూ. ఇంకా వెనక్కి వెళితే, 1948లో ఆస్ట్రియాలోని గ్మ్యుండ్‌లో తయారై పోర్షే పేరు మోసిన మొట్టమొదటి కారు కూడా, ఇంజన్ వెనక ఇరుసుకు ముందు ఉన్న రెండు సీట్ల రోడ్‌స్టరే. ఆ ఏర్పాటును సామాను పెట్టుకునే చోటు కోసం వదులుకుని, ఇంజన్‌ను పూర్తిగా వెనక్కి నెట్టారు. 911 దాకా అదే సాగింది. కనుక డెట్రాయిట్‌లో జనం చూసినది కొత్త ఆలోచన కాదు. ఆ సంస్థ తన తొలి బండిలోనే చేసి, రోడ్డు కార్లలో 914ను మినహాయిస్తే దాదాపు మరిచిపోయిన పని. ప్రదర్శనలో స్పందన ఎంత బలంగా వచ్చిందంటే, ఆ రూపం నుంచి మరీ దూరం జరిగే ధైర్యం ఆ తరవాత ఎవరికీ లేకపోయింది.

సందేహాల సుబ్బయ్య:
చరిత్ర బాగుంది కానీ, ప్రదర్శన వేదిక మీద దీపాల కింద నిలబెట్టిన బండినీ, వానలో తడిసి, గుంతల్లో దిగి, గుద్దుకుంటే లోపలివారిని కాపాడవలసిన బండినీ ఒకే తూకంలో వేయడం న్యాయమేనా? కాన్సెప్ట్ కారుకు బీమా అక్కరలేదు, అద్దం తుడిచే పుల్లలు సరిగ్గా పనిచేయనక్కరలేదు, ఆరడుగుల మనిషి లోపల పట్టనక్కరలేదు. ఏ భారమూ మోయనిది సన్నగా ఉండడంలో గొప్పేముంది? సంస్థలు ఇటువంటి వాటిని ప్రకటనగా వాడుకుంటాయి. మనం అసలు వస్తువును చూసి నిట్టూరుస్తాం.

బంకమట్టి:
సుబ్బయ్య గారి ప్రశ్న సరైనదే, అయితే జవాబు ఆయన ఆశించిన వైపు పోదు. నేను మిషిగన్‌లో కార్ల ఒంటి నిర్మాణ విభాగంలో పనిచేస్తాను కనుక కొలతలతో మొదలుపెడతాను.

1996 బాక్స్‌టర్ పొడవు 4315 మిల్లీమీటర్లు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2415. అంటే 1900 మిల్లీమీటర్ల లోహం ఇరుసులకు ముందుకో, వెనక్కో పొడుచుకొని ఉంది. 550 స్పైడర్ పొడవు సుమారు 3600, ఇరుసుల మధ్య 2100. అక్కడ బయట మిగిలినది 1500 మాత్రమే. కాన్సెప్ట్ అమ్మకపు కారుకన్నా స్పష్టంగా పొట్టిది, ముఖ్యంగా దాని ముక్కు పొట్టిది. రోడ్‌స్టర్ పక్క నుంచి చూసినప్పుడు మన కన్ను మొదట వెతికేది చక్రాలను. అవి ఒంటికి నాలుగు మూలలా ఉంటే బండి నేలను పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. చక్రం ముందు ముక్కు సాగితే ఆ పట్టు సడలుతుంది. వర్ణలేఖ గారు గమనించిన తేడాలో సగానికి పైగా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మరి ముక్కు ఎందుకు సాగింది? అమ్మకపు కారులో ఇంజన్‌ను గాలితో కాక నీటితో చల్లబరచాలని నిర్ణయించారు. ఇంజన్ సీట్ల వెనక ఉన్నా, రేడియేటర్లకు తాజా గాలి దొరికేది ముందు మూలల్లోనే కనుక వాటిని అక్కడ అమర్చారు. వాటికి నోళ్లు కావాలి. ఆ నోళ్ల వెనక గుద్దుకున్నప్పుడు నలిగేందుకు జాగా కావాలి. ముందు డిక్కీలో సామాను పట్టాలి. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడతాయి కానీ ఒకదానిలో ఒకటి దూరవు.

వీటికన్నా బలమైన కారణం మరొకటి ఉంది. 1997లో వచ్చిన కొత్త 911, అంటే 996, ఈ బాక్స్‌టర్‌తో కలిపే రూపొందింది. ముందు దీపాలు, బానెట్, ముందు రెక్కలు, తలుపులు, డాష్‌బోర్డులో చాలా భాగం రెండింటికీ ఉమ్మడి. లార్సన్ బృందం గీసిన ముక్కు ఒక్క చిన్న రోడ్‌స్టర్ కోసం గీసినది. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన ముక్కు రెండు వేర్వేరు కొలతల కార్లకు సరిపోవలసినది. కాన్సెప్ట్‌ను గీసేనాటికి దాని కింద ఎముకల గూడు ఇంకా తేలలేదు. అందువల్లే అది అంత స్వేచ్ఛగా ఉంది.

ఇక సుబ్బయ్య గారి "భారం మోయనిది" అన్న మాట. ఏ భారం ఎంత మోయాలో నిర్ణయం కాకముందు గీసిన బొమ్మకు ఒక ఉపయోగం ఉంది: తరవాత ప్రతి ఇంజనీరూ పది మిల్లీమీటర్లు అడిగినప్పుడు, దేని నుంచి దూరం జరుగుతున్నామో కొలిచి చూపడానికి ఆ బొమ్మ ఉంటుంది. అది లేకపోతే ఆ పది మిల్లీమీటర్లను ఎవరూ లెక్కపెట్టరు.

వర్ణలేఖ:
బంకమట్టి గారూ, మీరు చెప్పాక మళ్లీ ఫొటోలు చూశాను. ముక్కు ఒక్కటే కాదు, తలుపు పైఅంచు నుంచి వెనకకు పోయే గీత కూడా కాన్సెప్ట్‌లో మరింత కిందకు వంగినట్టుంది. అమ్మకపు కారులో వెనక భాగం కొంచెం బరువుగా, ముందూ వెనకా తేడా తక్కువగా కనిపిస్తోంది. అయితే ఒక మాట అడగాలి: 911తో ముక్కు పంచుకోవడం డిజైనర్లకు జరిగిన అన్యాయం కాదా?

నెకార్ తీరం:
అన్యాయమే అనుకున్నా, ఆ పంపకం లేకపోతే ఈ కారు లేదు. అప్పటి పోర్షే దగ్గర రెండు పూర్తి కొత్త కార్లను విడివిడిగా తయారుచేసేంత డబ్బు లేదు. వెండెలిన్ వీడెకింగ్ సంస్థ పగ్గాలు పట్టాక జపాన్ నుంచి ఉత్పత్తి నిపుణులను పిలిపించి, వృథాను ఏరివేయించారు. 986 (అంటే మొదటి తరం బాక్స్‌టర్), 996 కార్లను జంటగా తీర్చడం అదే లెక్కలో భాగం.

అందరూ ఎగతాళి చేసిన ఆ ముందు దీపాలనే తీసుకోండి. జర్మన్లు వాటికి వేయించిన గుడ్డు అని పేరు పెట్టారు. కానీ ఆ ఒక్క పెట్టెలో హెడ్‌లైటు, మలుపు సూచించే దీపం, మంచు దీపం అన్నీ ఇమిడి ఉంటాయి; కార్మికుడు దాన్ని ఒకే ముక్కగా లోపలికి తోసి బిగించవచ్చు. అందులో ఆదా అయిన సమయం, డబ్బు ప్రతి కారుకూ లెక్కకు వస్తాయి. విచిత్రం ఏమంటే, ఆ దీపాలు బాక్స్‌టర్ మీద పెద్దగా ఎవరినీ నొప్పించలేదు, దాని గుండ్రటి ఒంటికి నప్పాయి కూడా. గొడవ చేసింది 911 కొన్నవారు. ఎక్కువ డబ్బు పోసి చౌక కారు ముఖం కొనుక్కున్నామని వారి బాధ. చివరికి 2002 మోడల్‌కు 911 దీపాలను మార్చి ఆ పోలికను తుడిచేశారు. కాబట్టి పంపకంలో నష్టపోయినది రోడ్‌స్టరేనని నేను ఒప్పుకోను.

ముందు చక్రం:
ఈ వాదన అంతా విన్నాక ఔడీ టీటీని ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూపేగా (కదలని కప్పు ఉన్న కారుగా), అదే ఏడాది టోక్యోలో రోడ్‌స్టర్‌గా చూపించారు. కూపే 1998లోనూ, రోడ్‌స్టర్ 1999లోనూ అమ్మకానికి వచ్చాయి. కూపేకు పక్కన ఒక చిన్న వెనక కిటికీ చేర్చడం మినహా, ప్రదర్శనలో చూసిన కారే షోరూములో కనిపించింది. రోడ్‌స్టర్ లోపల బేస్‌బాల్ చేతితొడుగు మీద ఉండే లావుపాటి కుట్టుతో కుట్టిన తోలు సీట్లను కూడా వదలకుండా అమ్మారు. కాన్సెప్ట్‌ను చెడగొట్టక తప్పదన్న మాట నిజమైతే ఔడీకి అది ఎలా సాధ్యపడింది? ధైర్యం చాలక వెనక్కి తగ్గి, నెపం రేడియేటర్ల మీద వేయడం కాదా ఇది?

బంకమట్టి:
మంచి ఉదాహరణ తెచ్చారు, కానీ అది నా వైపే సాక్ష్యం చెబుతుంది. టీటీ మొదటి నుంచీ ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ వర్గపు ఎముకల గూడు మీద గీసిన కారు. ఇంజన్ ముందు ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ దిక్కుకు అడ్డంగా ఉంటుందో దాని డిజైనర్లు ఫ్రీమన్ థామస్‌కూ జె మేస్‌కూ మొదటి రోజే తెలుసు. అందుకే టీటీ కాన్సెప్ట్ ముక్కు కూడా పొడుగే; ఆ పొడుగును దాచకుండా, ముందూ వెనకా ఒకే వంపుతో గుండ్రంగా చుట్టి దానినే అందంగా మలిచారు. ముందే తెలిసిన హద్దులలో గీసిన బొమ్మ మారవలసిన అవసరం తక్కువ. బాక్స్‌టర్ కాన్సెప్ట్ ఆశను గీసింది, టీటీ ఒప్పందాన్ని గీసింది. రెండూ డిజైనే, కానీ ఒకదాని కొలతతో మరొకదాన్ని నిందించలేం.

ఆ మారని రూపానికి టీటీ వేరే చోట మూల్యం చెల్లించింది. వెనక కిందకు జారిపోయే ఆ నున్నటి వంపు మీద వేగంలో గాలి బండిని పైకి లేపుతుంది. జర్మనీ రహదారుల మీద అతివేగంలో ప్రమాదాలు జరిగాక, అప్పటికే అమ్మిన కార్లను వెనక్కి పిలిచి, సస్పెన్షన్ సవరించి, వెనక ఒక చిన్న స్పాయిలర్ (గాలి బండిని లేపకుండా ఆపే పలక) బిగించి, జారకుండా అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థను చేర్చారు. అంటే డిజైనర్లు వద్దనుకున్న గీతను చివరికి గాలే గీయించింది. 986 బాక్స్‌టర్‌లో ఆ చిక్కును ముందే ఊహించి, 120 కిలోమీటర్ల వేగం దాటితే తనంత తానే పైకి లేచి, వేగం తగ్గాక మళ్లీ ఒంట్లోకి దిగిపోయే స్పాయిలర్ పెట్టారు. నిలబడి ఉన్న కారు గీత చెడదు. పరుగెత్తే కారు గాలిలో తేలదు. దాన్ని నేను పిరికితనం అనలేను.

ముందు చక్రం:
ఒప్పందమని మీరు అన్న దాన్నే నేను నిజాయితీ అంటాను. కొనేవాడికి చూపించింది ఇచ్చారు. అక్కడ మాత్రం నా అభిప్రాయం మారదు.

ఆటోనగర్ అబ్బాయి:
అందరూ బయటి ఒంటి గురించే మాట్లాడుతున్నారు, నేను కింద నుంచి చూసేవాడిని. బాక్స్‌టర్ ఆకారం వెనక ఉన్న అసలు రహస్యం దాని ఇంజన్ పడుకుని ఉండడం. మూడు సిలిండర్లు ఎడమకు, మూడు కుడికి చాపుకుని ఉంటాయి కనుక ఇంజన్ ఎత్తు తక్కువ. అదే సిలిండర్లు నిటారుగా నిలబడిన ఇంజన్ అయితే సీట్ల వెనక ఒక గూని లేచేది. ఎత్తు తక్కువ కాబట్టే పైన మడిచిన కప్పు దాచుకోవడానికి చోటు దొరికింది, వెనక ఒక డిక్కీ, ముందు ఒక డిక్కీ వచ్చాయి, వెనక భాగం నేలకు దగ్గరగా ఉంది. మొదటి కారులోనిది రెండున్నర లీటర్ల ఇంజన్, 204 హార్స్‌పవర్, బండి బరువు సుమారు 1250 కిలోలు.

కానీ ఆ ఇంజన్ ఎక్కడుందో యజమానికి కూడా కనిపించదు. బానెట్ ఎత్తితే సామాను పెట్టెలు, వెనక మూత ఎత్తితే అక్కడా సామానే. యజమాని చేతికి అందేవి ఆయిలూ, కూలెంటూ పోసుకునే మూతలు మాత్రమే. మిగతా పనికి బండిని పైకెత్తి కింద దూరాలి, లేదా సీట్ల వెనక కార్పెట్టు తీసి చేయి పెట్టాలి. ఇంత అందమైన యంత్రాన్ని కొన్నవాడి కంటికే కనపడకుండా మూసిపెట్టడం నాకు నచ్చలేదు. కాన్సెప్ట్ లోపలి భాగంలో లోహపు భాగాలను దాచకుండా బయటికి చూపించారు కదా, ఆ ఉత్సాహం అమ్మకపు కారు వచ్చేసరికి నల్లటి ప్లాస్టిక్ కింద పోయింది. నన్ను అడిగితే ముక్కు సాగడం కన్నా ఇదే పెద్ద నష్టం. మొదటి కార్లకు కప్పు వెనక కిటికీ కూడా గాజుది కాదు, వంగే ప్లాస్టిక్‌ది. గాజు 2003 మోడల్‌కు గానీ రాలేదు. బెజవాడ ఎండలో ఆ ప్లాస్టిక్ ఎన్నాళ్లు మసకబారకుండా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు.

వర్ణలేఖ:
అబ్బాయి గారూ, లోపలి భాగం గురించి మీరు చెప్పినది నేను పూర్తిగా విస్మరించిన విషయం. రోడ్‌స్టర్‌కు కప్పు తీస్తే లోపలి భాగమే బయటి భాగం అవుతుంది. దారిన పోయేవాళ్లకు సీట్లు, డాష్‌బోర్డు, తలుపు లోపలి తోలు అన్నీ ఒంటి రంగుతో కలిసే కనిపిస్తాయి. కాన్సెప్ట్‌లో ఆ ఎరుపు తోలు వెండి ఒంటికి ఎదురుగా నిలిచి అంత బలంగా పనిచేసింది అందుకే కావచ్చు. అమ్మకపు కారులో డయళ్లు మూడూ ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కినట్టు ఉండడం మాత్రం నాకు ఇష్టం.

నెకార్ తీరం:
ఆ రంగుల జతను సంస్థ కూడా మరిచిపోలేదు. 2021లో పాతికేళ్ల గుర్తుగా 1250 కార్ల ప్రత్యేక బాక్స్‌టర్‌ను విడుదల చేసినప్పుడు వెండి ఒళ్లు, ముదురు ఎరుపు తోలు, ఎర్రటి కప్పు ఇచ్చి, గాలి రంధ్రాల దగ్గర రాగిని పోలిన మెరుపు రంగు పూసి, ఇది 1993 కాన్సెప్ట్‌కు నివాళి అని చెప్పుకున్నారు. రూపం విషయంలో అసలైన సవరణ అంతకు ముందే, 2012లో వచ్చిన 981 తరంలో జరిగింది. ఇరుసుల మధ్య దూరాన్ని 60 మిల్లీమీటర్లు పెంచి, ముందు అద్దాన్ని సుమారు 100 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. గాలి రంధ్రానికి దారి చూపే పల్లాన్ని తలుపు మీద నుంచే మొదలుపెట్టారు. చక్రాలు మూలల వైపు కొంత జరిగాయి. బంకమట్టి గారి కొలబద్ద ప్రకారం చూస్తే, కాన్సెప్ట్ అడిగిన దానికి పందొమ్మిదేళ్ల తరవాత ఇచ్చిన జవాబది.

సందేహాల సుబ్బయ్య:
ఇప్పుడు మన దేశం సంగతికి వద్దాం. ఎంజీ సంస్థ 2021లో షాంఘైలో చూపిన సైబర్‌స్టర్ కాన్సెప్ట్ 2025లో మన దగ్గర సుమారు 75 లక్షల ధరకు అమ్మకానికి వచ్చింది. విద్యుత్తుతో నడిచే రెండు సీట్ల రోడ్‌స్టర్, తలుపులు కత్తెరలా పైకి లేస్తాయి, రెండు మోటార్లు కలిపి 510 హార్స్‌పవర్. భీమిలి రోడ్డు మీద డిసెంబరు ఉదయం కప్పు తీసి నడపడానికి నాకూ ఆశ ఉంది. ఏప్రిల్ గురించి మాత్రం అడగకండి. ఇంజనే లేని కారుకు రేడియేటర్ల గొడవ లేదు కదా, ఇక కాన్సెప్ట్‌కూ అసలు కారుకూ తేడా ఉండకూడదు. మరి ఫొటోలలో ఇది కూడా లావెక్కినట్టు నాకు ఎందుకు కనిపిస్తోంది?

బంకమట్టి:
రేడియేటర్ల గొడవ పూర్తిగా పోలేదు కానీ తగ్గింది, దాని స్థానంలో బ్యాటరీ గొడవ వచ్చింది. సైబర్‌స్టర్‌లో 77 కిలోవాట్-అవర్ల బ్యాటరీని నేల కింద పరిచారు. దాని మందం 110 మిల్లీమీటర్లు మాత్రమేనని సంస్థ గొప్పగా చెప్పుకుంటుంది, నిజంగా అది చిన్న సంగతి కాదు. అయినా ఆ 110 మిల్లీమీటర్ల పైన సీటు, సీటు పైన మనిషి. మనిషి లేస్తే అద్దం లేస్తుంది, తలుపు అంచు లేస్తుంది, దాన్ని కప్పిపుచ్చడానికి చక్రాలూ ఒళ్లూ పెద్దవి చేయాలి. అందుకే దాని పొడవు నాలుగున్నర మీటర్లు దాటింది, బరువు రెండు టన్నులకు చేరువైంది. ఆటోనగర్ అబ్బాయి గారు చెప్పిన 1250 కిలోల పక్కన పెట్టి చూడండి. 1993 నాటి బృందానికి అందిన వరం పడుకుని ఉన్న ఇంజన్. నేటివారికి అందినది పరిచిన పరుపులాంటి బ్యాటరీ, దాని మీద కూర్చోక తప్పదు.

దీనికి మరో దారి ఉంది. పోర్షే తాను ప్రకటించిన విద్యుత్ రోడ్‌స్టర్‌లో బ్యాటరీని నేల కింద కాక, సీట్ల వెనక, పాత ఇంజన్ ఉండే చోట పేర్చాలని తలపెట్టింది. అలా చేస్తే మనిషి మళ్లీ నేలకు దగ్గరగా దిగుతాడు, బరువు రెండు ఇరుసుల మధ్యనే ఉంటుంది. అయితే పేర్చిన బ్యాటరీ పడుకున్న ఇంజన్‌కన్నా ఎత్తు. అందువల్ల సీట్ల వెనక భాగం పైకి లేస్తుంది, 1993 కాన్సెప్ట్‌లో వర్ణలేఖ గారికి నచ్చిన ఆ కిందకు వంగే వెనక గీతకే చోటు ఉండదు. 718 అనే పేరుతో అమ్మిన ఇటీవలి పెట్రోలు బాక్స్‌టర్ ఉత్పత్తి 2025లో ఆగిపోయింది కాబట్టి, ఆ గీతను ఈ సారి ఎలా సాధిస్తారన్నది స్టుట్‌గార్ట్ డిజైనర్ల బల్ల మీద ఉన్న లెక్క.

వర్ణలేఖ:
అయితే నా తరవాతి అభ్యాసం అదే. సీట్ల వెనక నిలువుగా పేర్చిన బ్యాటరీని, రెండు తలల వెనక రెండు మూపురాలుగా విడగొట్టి, మధ్యలో గీతను కిందకు దించవచ్చేమో గీసి చూస్తాను. 718 పందెం కార్లలో నడిపేవాడి తల వెనక అటువంటి మూపురం ఉండేది. పక్క నుంచి చూసిన బొమ్మ, ఇరుసుల మధ్య 2415 మిల్లీమీటర్ల కొలతతోనే, వారాంతానికి ఇక్కడ పెడతాను. బ్యాటరీ గదికి కనీసం ఎంత ఎత్తు వదలాలో బంకమట్టి గారు చెబితే ఆ హద్దుతోనే మొదలుపెడతాను.